పొగ చూసి పొయ్యొద్దన్న ఫిట్టర్ మామ

ఫిట్టర్ మామ పోయాడన్న మాట చెవినబడేసరికి నా చేతిలో కారు ఆయిల్ కడ్డీ ఉంది. శుక్రవారం, తెల్లవారి అయిదున్నర. బానెట్ ఎత్తి, కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీశాను. ఆయిల్ కింది గీతకు కాస్త పైన మాత్రమే ఉంది. అప్పుడే పక్కింటి తలుపు తెరుచుకుంది. వచ్చింది మామ కాదు, అత్త. గడపలోనే నిలబడి, "మీ మామ లేయలేదు పాపా" అంది. వెళ్ళి లేపమంటోంది కాబోలు అనుకున్నాను. రెండోసారి అదే మాట అన్నాక గానీ నా బుర్రకు ఎక్కలేదు.

నిజం చెప్పేస్తాను. ఆ క్షణాన నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, భయం. ఇంకో గంటలో మా అమ్మను కోలారుకు తీసుకెళ్ళాలి. కారేమో ఆయిల్ తాగే కారు. అందులో ఏం పోయాలో, ఎంత పోయాలో చెప్పే మనిషి లోపల చల్లబడి పడుకుని ఉన్నాడు. నలభై అయిదేళ్ళ ఆడదాన్ని, బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, ఆ గుడ్డ పట్టుకుని చేతులూ కాళ్ళూ ఆడక నిలబడిపోయాను. సిగ్గుగానే ఉంది, అయినా దాచుకోను.

మామకూ మాకూ రక్తసంబంధం లేదు. ఆయనా మా నాన్నా చిత్తూరు వైపు పక్కపక్క పల్లెల నుంచి బంగారు గనికి వచ్చినవాళ్ళు. మారికుప్పం స్టేషనుకు దగ్గర్లోని లైను ఇళ్ళలో గోడకు అటు ఆయన, ఇటు మేము. మా అమ్మను అక్కా అన్నాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. గనిలో నీళ్ళు తోడే పంపులకు ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు చేశాడు. గని మూతపడ్డాక రాబర్ట్‌సన్‌పేటలో ఒక షెడ్డులో కార్లు బాగుచేసేవాడు. ఊపిరి ఆడడం కష్టమయ్యాక అదీ మానుకుని, ఇంటి ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. చుట్టుపక్కల ఎవరి బండి స్టార్టయినా తల ఒక పక్కకు వంచి వినేవాడు. ఏమీ అనకపోతే బండి బాగున్నట్టు.

నా భయానికి ఒక మొదలుంది. మా అమ్మకు కిడ్నీలు పనిచేయవు. మంగళవారం, శుక్రవారం కోలారులో డయాలసిస్. బస్సులో కూర్చోలేదు, తిరిగి వచ్చేటప్పుడు నిలబడలేదు. మొదట్లో ట్యాక్సీలో తీసుకెళ్ళేదాన్ని. ఒక మంగళవారం ట్యాక్సీ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. అందరికీ చేసి చేసి, మర్నాడైనా పోదాంలే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే అమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని, నోరు తెరుచుకుని గాలి కోసం ఎగబీలుస్తోంది. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరాయి. పంచె ఎగ్గట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడి పాల వ్యాను ఆపింది మామే. క్యాన్ల మధ్య అమ్మను పట్టుకుని కూర్చున్న ఆ దారి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

ఆ వారమే మామ మా నాన్న కారు మీది గుడ్డ లాగేశాడు. నాన్న పోయాక నాలుగేళ్ళు కదలని కారు అది. బ్యాటరీ మార్చి, ట్యాంకు కడిగి ఎట్లాగో లేపాడు. లేచింది గానీ వెనక నీలంగా పొగ. నాలుగుసార్లు కోలారు పోయొస్తే అర లీటరు ఆయిల్ హారతి. బజారులో చూపిస్తే ఇంజిన్ దించాలి, పన్నెండు రోజులు కారు వదిలిపెట్టాలి అన్నారు. పన్నెండు రోజులంటే కనీసం మూడు డయాలసిస్‌లు. రాని ట్యాక్సీని నమ్ముకుని మా అమ్మ ప్రాణాన్ని పణంగా పెట్టలేను. దించకుండా మార్గం లేదా అంటే, దొరికినవాటిలో అన్నిటికన్నా మందమైన ఆయిల్ పోసెయ్యండి, పొగ దెబ్బకు మాయం అన్నాడు ఒకాయన. ఆ మాట నాకు ఎంత తియ్యగా వినిపించిందో!

మామ ఒప్పుకోలేదు. ముందు ఆయిల్ ఎటు పోతోందో చూడాలన్నాడు. రాత్రంతా కారు కింద అట్టముక్క పరిచాడు. చుక్క కూడా పడలేదు, అంటే కారడం లేదు, కాలుతోంది. పొద్దున నన్ను స్టార్ట్ చేయమని, తను పొగగొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. స్టార్ట్ చేసిన మొదటి నిమిషం దట్టంగా వచ్చి, తర్వాత పలచబడింది. కారు నిలబడి నిలబడి, ఆయిల్‌ను పైన ఆపే వాల్వ్ సీళ్ళు గట్టిపడ్డాయి, రాత్రంతా పైనుంచి ఆయిల్ జారుతోందన్నాడు. పిస్టన్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రింగులూ కొంచెం అరిగాయట. ఆ తర్వాత ఇంజిన్ గాలి వదిలే పైపు ఊడదీస్తే లోపల నల్లటి జిడ్డు గడ్డకట్టి ఉంది. అది శుభ్రం చేశాకే ఆయిల్ సంగతి ఎత్తాడు.

డబ్బా మీది అంకెలు నాకు అంబలితో చెప్పాడు. మొదటి అంకె ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఎట్లా పారుతుందో చెబుతుంది, రెండోది ఉడుకెక్కాక ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో. ఈ కారుకు కంపెనీ చెప్పింది టెన్ డబ్ల్యూ థర్టీ. అరిగిన ఇంజిన్‌లో అది ఉడుకెక్కితే పలచటి అంబలిలా సందుల్లోంచి జారిపోతుంది. అట్లాగని ఒకేసారి ట్వెంటీ డబ్ల్యూ ఫిఫ్టీకి దూకితే, పొద్దున ఇంజిన్ పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది, ఆ కాసేపు పైభాగాలు తడి లేకుండా రాసుకుంటాయి, పొగ తగ్గిందని మనం సంబరపడతాం. అందుకని ఒక మెట్టే ఎక్కించాడు, టెన్ డబ్ల్యూ ఫార్టీ. అదీ సరిపోకపోతే అప్పుడు చూద్దామన్నాడు. నాలుగు ట్రిప్పులకు తాగే అర లీటరు ఏడు ట్రిప్పులు వచ్చింది. పొగ మాత్రం పూర్తిగా పోలేదు.

ఆ మిగిలిన పొగే నా ప్రాణం తీసేది. అద్దంలో నీలం కనబడితే చాలు, ఇవే కళ్ళ ముందుకొచ్చేవి. ఇంజిన్ పట్టేసినట్టు, బంగారుపేటకూ కోలారుకూ మధ్య ఎక్కడో కారు ఆగిపోయినట్టు, వెనకసీట్లో అమ్మ నిటారుగా కూర్చున్నట్టు. ఆ భయంతో ఒక వెధవపని చేశాను. మామకు తెలియకుండా, పొగ వచ్చినప్పుడల్లా ఒక గుక్కెడు ఆయిల్ పోయడం మొదలుపెట్టాను. కడ్డీ చూడలేదు. చూస్తే తక్కువ ఉంటుందేమోనని భయం. పోస్తున్నకొద్దీ పొగ ఎక్కువైంది, పొగ ఎక్కువైనకొద్దీ ఇంకా పోశాను.

రెండు వారాలకు మామ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి వేలెడు మీదికి ఉంది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కారు కింద పళ్ళెం పెట్టి, దగ్గుకుంటూ, ఎక్కువైన ఆయిల్ అంతా దించాడు. ఎక్కువ పోస్తే లోపల చిలికినట్టయి నురగ లేస్తుందని, ఆ నురగే గాలిపైపులోంచి పోయి కాలుతుందని, నేను పోసుకున్న భయమే నాకు పొగై కనబడిందని నెమ్మదిగా చెప్పాడు. చివరికి పాత పంచె చింపి మడతలు పెట్టిన గుడ్డల కట్ట నా చేతిలో పెట్టాడు.

"పొగ చూసి పొయ్యొద్దు పాపా. కడ్డీ చూసి పొయ్యి. భయపడేది తప్పు గాదు, చూడకుండా పోసేదే తప్పు."

భయం సంగతి ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? గనిలోకి దిగే రోజుల్లో మామ తాను పనిచేసే చోట అడుగుపెట్టేముందు పైకప్పు బండను గడ్డపారతో తట్టి వినేవాడట. గట్టి బండ ఖంగుమంటుంది, వదులైనది డొల్లగా మోగుతుంది. ఆ మాట చెప్పిన రోజే, నేను అడగకపోయినా ఇంకోటి చెప్పాడు.

"ముప్పై ఏండ్లు దిగినాను. దిగిన ప్రతిదినమూ భయపడినాను. భయం లేకుండా పోయింది ఒకే దినం. ఆ దినం బండ తట్టకుండా పోయినాను."

ఆ రోజు ఆయన వెనకే వచ్చిన మనిషి మీద పైకప్పు కూలింది. ఆ మాట విన్నప్పటి నుంచి నేను భయపడుతున్నందుకు నన్ను నేను తిట్టుకోవడం తగ్గించాను. భయం పోలేదు. దానికి ఒక పని దొరికింది, అంతే.

కోలారు నుంచి మేము తిరిగొచ్చే వేళకు మామ ముక్కాలిపీట మీద సిద్ధంగా ఉండేవాడు. కారు ఆపగానే లేచి వచ్చి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. ఆగిన ఇంజిన్ చల్లబడుతూ టిక్కు టిక్కుమంటుంది కదా, అది సద్దుమణిగేదాకా చెయ్యి తీసేవాడు కాదు. మా అమ్మ నా భుజం పట్టుకుని ఆయన్ని దాటి నేరుగా మంచం మీదికి పోయేది. ఒక్కోసారి ఆ చెయ్యి కారుకు ధైర్యం చెబుతున్నట్టుండేది, ఒక్కోసారి నాకు.

ఆయన ఊపిరితిత్తుల్లో గని దుమ్ము పేరుకుని ఉంది. చివరి నెలల్లో నాలుగడుగులు వేస్తే ఆగేవాడు. ఆసుపత్రికి రమ్మంటే, నా రింగులు పోయినాయి పాపా, ఏ ఆయిల్ పోసినా పొగే అని నవ్వేవాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగేది. నేను నవ్వలేకపోయేదాన్ని.

ఆ శుక్రవారానికి ముందు ఆదివారం మామ కడ్డీ చూసి, ఈమధ్య తాగేది ఎక్కువైనట్టుందన్నాడు. వచ్చే ఆదివారం దాకా కొలిచి చూద్దాం, అప్పటికీ ఇట్లాగే ఉంటే ఇంకో మెట్టు ఎక్కుదాం అన్నాడు. నేను ఆగలేదు. సోమవారమే రాబర్ట్‌సన్‌పేటకు పోయి ట్వెంటీ డబ్ల్యూ ఫిఫ్టీ డబ్బా కొని, డిక్కీలో గోనె కింద దాచాను. మామకు చెప్పలేదు. ఇంక చెప్పుకునే దారీ లేదు.

ఆ శుక్రవారం పొద్దున నేను అత్త చేతులు పట్టుకుని ఏడ్చాను. అక్కడే ఉండిపోవాలని ఉంది. ఉండిపోతే అమ్మ వంతు పోతుంది. నేను నోరు తెరవకముందే అత్తే అంది.

"అమ్మని తీసుకోని పోయిరా పాపా. మీ మామ ఇంగ యాడికీ పోడు, సాయంత్రం దాకా ఈడనే ఉంటాడు."

పాత డబ్బాలో మిగిలిన ఫార్టీని పావు లీటరు పోసి, కడ్డీ చూసి, అమ్మను ఎక్కించుకుని బయలుదేరాను. మామ సంగతి అమ్మకు చెప్పలేదు. డయాలసిస్ ముందు గుండె అదిరితే ఏమవుతుందోనని. అమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది.

బంగారుపేట దాటాక ఒక దిగుడు. దిగి యాక్సిలరేటర్ తొక్కగానే అద్దంలో నీలం. ఎప్పుడూ లేనంతగా వచ్చింది, లేదా నాకలా కనిపించింది. కారు పక్కకు తీసి ఆపేశాను. డిక్కీ తెరిచి గోనె లాగాను. కొత్త డబ్బా మూత తిప్పాను. సీలు సగం తెగింది కూడా. పోసేస్తే పొగ పోతుంది, పొగ పోతే నాకు ఊపిరి ఆడుతుంది, అంతే ఉంది నా తలలో.

అమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఆయిల్ కిందికి దిగేదాకా పది నిమిషాలు ఆగమంటాడు గదమ్మా మీ మామ. ఆగు."

నేను తిరిగి చూశాను. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. గోడ అవతల ఏడుపు ఆమెకు వినబడకుండా ఎట్లా ఉంటుంది? ఇన్నాళ్ళూ వెనకసీట్లో నిద్రపోతోందనుకున్న మనిషి ప్రతి మాటా విందన్నమాట. నాలాగే భయపడుతూ, నాకు తెలియకుండా కళ్ళు మూసుకుందన్నమాట.

పది నిమిషాలు ఆగాను. లారీలు పోతున్నాయి, గడియారం చూడకుండా ఉండడానికి చేతిలోని మడత గుడ్డ అంచు చూస్తూ నిలబడ్డాను. కడ్డీ లాగి, మామ పంచె గుడ్డతో తుడిచి, దించి, మళ్ళీ లాగాను. ఆయిల్ రెండు గీతలకూ నడిమధ్యన ఉంది, పొద్దున ఎక్కడ వదిలానో అక్కడే. మూత బిగించి డబ్బా గోనె కింద పెట్టేశాను. వచ్చే ఆదివారం కొలిచాక ఇంకో మెట్టు ఎక్కాల్సివస్తే ఎక్కుతాను. అది సరైనదవుతుందో లేదో నాకు తెలియదు. అడగడానికి మనిషి లేడు. కోలారుకు వేళకే చేరాం.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. రెండిళ్ళ ముందూ షామియానా, కుర్చీలు, మధ్యలో మామ. ముక్కాలిపీటను ఎవరో గోడవారకు జరిపేశారు. కారు ఆపి కూర్చున్నాను. లేచి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

వెనక తలుపు తెరుచుకుంది. డయాలసిస్ అయిన రోజు అమ్మ నా భుజం లేకుండా అడుగు వేయదు. ఆ రోజు నా కోసం చూడలేదు. కారును పట్టుకుని పట్టుకుని ముందుకు నడిచింది. సూదులు తీసి కట్టు కట్టిన చేతిని కొంగులో పెట్టుకుని, రెండో అరచెయ్యి బానెట్ మీద ఆనించి, మామ వైపు చూస్తూ నిలబడింది. కుర్చీల్లోని వాళ్ళంతా తలలు తిప్పారు. నేను పరుగున పోయి, ఎండలో నిలబడొద్దు, ఇంట్లోకి రామ్మా అన్నాను.

"ఉండు, ఇంగా వేడిగా ఉండాది" అంది.

ఇంజిన్ టిక్కు టిక్కుమంటోంది. అది ఆగేదాకా మా అమ్మ చెయ్యి తీయలేదు.