ఆఖరి ముద్ద

పొద్దున ఏడు కాకముందే ఫెబా ల్యాబు తాళం తీసి, మైక్రోస్కోపు మీద పేరుకున్న బొగ్గు దుమ్మును మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. తర్వాత వరుసలో ముందున్న మనిషిని అడుగుతుంది. "ఆఖరి ముద్ద ఏడ తిన్నవు? పైననా, కిందనా?"

కింద అంటే గనిలో. గోదావరిఖనిలో ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. అయితే ఆ ప్రశ్న ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మొగిలి అనే గని మనిషి నేర్పాడు.

ఫెబా కరీంనగర్‌లో ల్యాబు కోర్సు చదివి, 2004లో గోదావరిఖనిలోనే ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర చేరింది. గని మనుషుల చేతుల మీద బొగ్గు గీరుకుపోయిన నీలి మచ్చలుంటాయి. నరమేదో మచ్చేదో కంటికి ఆనదు. ఫెబా చూపుడువేలితో తడిమి పట్టుకునేది. "నీ సూది చీమ కుట్టినంత గూడ ఉండది బిడ్డా" అని ముసలివాళ్లు ఆమె కోసమే కూర్చునేవారు. ఆ మాట విన్న రోజు ఆమెకు అన్నం సహించేది. మిగతా రోజుల్లో ఉమ్మి డబ్బాలు గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. రోగం సరిగ్గా తేలితే డాక్టరు హస్తవాసి మంచిదనేవారు. తేడా వస్తే 'ల్యాబు పిల్ల' పేరు బయటికొచ్చేది.

2007 ఎండాకాలంలో మొగిలి నైట్ షిఫ్టు దిగి తిన్నగా ల్యాబుకే వచ్చాడు. గని కుటుంబాలుండే సెంటినరీ కాలనీ మనిషి. తల దిమ్ముగా ఉంటోందంటే డాక్టరు షుగర్ పరీక్ష రాశాడు.

"పరగడుపుతోనే వచ్చినవా కాక?"

"పొద్దున్నుంచి చాయ్ చుక్క గూడ ముట్టలే."

నూట నలభై ఎనిమిది వచ్చింది. పరగడుపున అంత ఉంటే షుగరే. డాక్టరు గోలీలు రాసి అన్నం తగ్గించమన్నాడు. పదకొండో రోజు మొగిలి గనిలో కుప్పకూలాడు. తోటివాళ్లు స్ట్రెచర్ మీద పైకి మోసుకొచ్చారు. షుగర్ మరీ పడిపోయిందని కంపెనీ దవాఖానలో గ్లూకోజు ఎక్కిస్తే గానీ కళ్లు తెరవలేదు.

వారం తర్వాత అతని భార్య సారక్క మొగణ్ని వెంటబెట్టుకొని వచ్చి, రిపోర్టు ఫెబా ముందు పెట్టింది.

"గోలీలు బందు పెట్టిన్రు. మళ్ల డ్యూటీ ఎక్కాల్నంటే ఫిట్ రాయాలె. ఈ కాయిదం జూస్తే అన్‌ఫిట్ అంటరట. నువ్వేసిన నంబరే గద బిడ్డా."

ఫెబా అప్పటికే మిషన్‌ను రెండుసార్లు సరిచూసుకుంది. తప్పు దొరకలేదు. ఏమీ తినకుండా వచ్చిన మొగిలి రక్తం మళ్లీ తీసి చూస్తే ఎనభై ఎనిమిదే వచ్చింది.

"కాక, ఆ రాత్రి సద్ది ఎప్పుడు తిన్నవు?"

"బొగ్గు టబ్బులు ఆగినంక. అయిదున్నర గావచ్చు."

"మరి ఏం ముట్టలేదన్నవ్?"

"నువ్వడిగింది పొద్దుటి సంగతి గద. కింద పొద్దుంటదా? పైకొచ్చినంకనే నాకు పొద్దు."

"సాలు తియ్," అంది సారక్క. "సూరుడు గూడ నిన్నడిగే పొడుస్తడు."

ఫెబాకు నవ్వు రాలేదు. మూడేళ్లలో ఎంతమంది నైట్ షిఫ్టు వాళ్లకు ఇలాంటి నంబర్లు ఇచ్చిందో ఆమెకే లెక్క తెలియదు. డాక్టరు గదిలోకి వెళ్లి, పాత రిపోర్టు తప్పని రాసిమ్మని అడిగింది.

"నంబర్ ఇచ్చుడు నీ పని, మందు రాసుడు నా పని" అన్నాడాయన తలెత్తకుండా. "సంతకం చేసి తప్పని నేనే రాసుకోవాల్నా?"

ఫెబా బయటికొచ్చి కొత్త రిపోర్టు మీద తనే సంతకం చేసింది. అడుగున, 'మొదటి పరీక్షకు రెండు గంటల ముందు భోజనం చేశాడు' అని రాసింది. అలా రాసే అధికారం ఆమెకు లేదు. కంపెనీ దవాఖానలో ఆ సంతకం చెల్లదన్నారు. కానీ అడుగున ఉన్న మాట చదివి పరగడుపున మళ్లీ పరీక్ష చేశారు. తొంభై ఒకటి. మొగిలి డ్యూటీ ఎక్కాడు.

సంతకం సంగతి తెలిసి డాక్టరు ఆమెను అందరి ముందూ దులిపేశాడు. రెండు నెలలకు రిపోర్టు కాగితాలు కొత్తగా అచ్చయ్యాయి. 'నైట్ షిఫ్టువారు గనిలో భోజనం చేసిన సమయం తెలుపవలెను' అని పైనే పెద్ద అక్షరాల్లో ఉంది. ఎంత తెలివైన డాక్టరని జనం మెచ్చుకున్నారు. ఆ రోజు ఫెబా అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్లింది.

తెలంగాణ వచ్చింది. ఫెబా ఇప్పటికీ ఆ ల్యాబులోనే పనిచేస్తోంది. రిపోర్టుల మీద సంతకం డాక్టరుదే.