తోలి చూసిన ఎర్ర కారు

మా ఆయన పోయిన మూడో ఏడు, మంచిర్యాలలో ఒక ఎర్ర కారు అమ్మకానికి ఉందని విన్నాను. విన్న రోజే దాన్ని కొనాలని మనసులో అనేసుకున్నాను. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. జమ్మికుంట దగ్గర మా బాపు ఇంట్లో ఉండేదాన్ని. తిండికి తక్కువ లేదు, బట్టకు తక్కువ లేదు. ఒకటే నియమం, ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే నేను వంటింట్లోకి పోవాలి. బొట్టు లేని ఆడది ఎదురొస్తే పోయిన పని కాదట. ఆ మాట ఎవరూ నోరు తెరిచి చెప్పేవాళ్లు కాదు. మా అవ్వ చిన్నగా దగ్గేది, అంతే. ఆ దగ్గుకు ఎంత అలవాటు పడ్డానంటే, ఆమెకు నిజంగా జలుబు చేసినప్పుడు కూడా లేచి లోపలికి పోయేదాన్ని.

కారు ఎందుకో చెప్పాలి. ఖానాపూర్ దగ్గర మా ఆయన వాటా భూమి ఉంది. దాన్ని మరుదులు దున్నుకుంటున్నారు. "నీకేం తక్కువ చేస్తం వదినా" అనేవాళ్లు. తక్కువ చేయలేదు నిజమే, కాని చూస్తుండగానే భూమి వాళ్లదైపోతోంది. అక్కడికి పోయి నేనే సాగు చేయించుకుంటానంటే అందరిదీ ఒకటే ప్రశ్న. "ఎట్ల పోతవు? నిన్నెవలు తీస్కపోతరు?" నా బండి నాకుంటే ఆ ప్రశ్నే ఉండదు కదా అని నా ఆలోచన.

తోలడం నాకు వచ్చు. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపు మా ఆయన దగ్గర ఉండేది. పెళ్లైన కొత్తలో దాని మీదే నేర్పాడు. ఆడవాళ్లు ముందుకు రావాలన్న ఆదర్శమేమీ కాదు, ఆయనకు బండిలో నిద్రపోవడం ఇష్టం. కోత అయిపోయిన జొన్న చేలో నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, గేరు మార్చడం నాకు వచ్చిందనిపించగానే టోపీ ముఖం మీదికి లాక్కుని గురక పెట్టేవాడు. ఆ గురకకు అప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు దాని కోసమే ఏడుపొస్తుంది. ఆ జీపు కూడా మరుదుల దగ్గరే ఉండిపోయింది.

పొలానికి పోయేదానికి రెండు సీట్ల కారెందుకని బాపు అడిగాడు. అమ్మే జీపు ఎక్కడా లేదన్నాను. అది అబద్ధం కాదు. కాని అసలు సంగతి వేరే. ఆ కారును పెళ్లికి ముందు ఒకసారి బస్సు కిటికీలోంచి చూశాను. బొగ్గు గనుల ఇంగ్లీషు దొర ఒకాయన మంచిర్యాల స్టేషను ముందు దాన్ని నడుపుకుంటూ పోయాడు. పైన కప్పు లేదు, నేలకు ఆనుకున్నట్టు ఉంది, కుందేలు పొదలోంచి దూకినట్టు పోయింది. అట్లాంటి దాన్ని స్పోర్ట్స్ కారు అంటారని తర్వాత తెలిసింది. దొర తన దేశం పోతూ దాన్ని ఒక కలప కంట్రాక్టరుకు అమ్మాడు. కంట్రాక్టరు పొట్టకూ ఆ స్టీరింగుకూ పొత్తు కుదరక, ఆయనా అమ్మకానికి పెట్టాడు.

బాపూ నేనూ రైల్లో పోయాం. బయలుదేరేది నేనే కాబట్టి ఆ రోజు అవ్వ దగ్గలేదు.

కంట్రాక్టరు తన కలప అడితీలో కారును తుడిపించి, ఇంజను వేడెక్కాలని స్టార్టు చేసి ఉంచాడు. బాపుకు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. "ఎవలు తోలి సూస్తరు పటేలా? డ్రైవరు ఎనక వస్తుండా?" అని అడిగాడు.

"నేనే" అన్నాను.

ఆయన నా నుదురు చూశాడు, గాజుల్లేని చేతులు చూశాడు. బాపును నాలుగడుగులు పక్కకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గాని, కలప అడితీలో అరిచి అరిచి అలవాటైన గొంతు అది.

"ఏమనుకోకున్రి పటేలా. నాకైతే ఏం పట్టింపు లేదు. గని అమ్మ చక్రం వట్టి తోలి, ఎనక వద్దన్నదనుకోన్రి, ఇగ గీ బండిని ఎవ్వడు ముట్టడు. కొంటమని ముందుగాల మాటియ్యున్రి, ఆ తర్వాత అమ్మ ఇష్టం. నాందేడ్ దాక తోలుకపోయినా నేనేమనను."

బాపు నా దగ్గరికి వచ్చాడు. మంచివాడు, ఎవరి మనసూ నొప్పించలేడు. ఆ మంచితనంతోనే నన్ను మూడేళ్లు వంటింట్లో పెట్టాడు. "మాటిద్దాం బిడ్డా. ఎట్లైనా కొనేటందుకే వస్తిమి గద" అన్నాడు.

"సూసి కొనేటందుకు వచ్చినం బాపు."

నాకు ఎంత కోపం వచ్చిందంటే చెవులు వేడెక్కాయి. అంగట్లో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, నాలుగు బారలు నడిపించి చూస్తాడు, నచ్చకపోతే తోలుకుపొమ్మంటాడు. ఎంత పేదవాడికైనా ఆ మర్యాద ఉంది. నేను మాత్రం ముట్టుకుంటే కొనాలి. కొనడానికి పనికొచ్చే నా చెయ్యి వద్దనడానికి పనికిరాదన్నమాట. చెప్పులు విప్పి బాపు కుర్చీ కింద పెట్టి, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, పోయి కారులో కూర్చున్నాను.

అందులో కూర్చోవడమంటే సగం పడుకోవడమే. కాళ్లు ఎక్కడికో ముందుకు పోతాయి. గేరు కర్ర జానెడు లేదు. నేను క్లచ్చు తొక్కగానే కంట్రాక్టరుకు భయం పుట్టి, ఎక్కడ బండితో పోతానో అని పక్క సీట్లోకి ఎక్కి కూలబడ్డాడు. మూడో మనిషికి చోటు లేదు కాబట్టి బాపు చాయ్ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

లక్షెట్టిపేట రోడ్డు పట్టాను. జీపును బతిమాలాలి, కొన్నిసార్లు తిట్టాలి. ఇది అట్లా కాదు, కాలు ఇంకా పూర్తిగా ఆనించక ముందే కదులుతుంది. మలుపులో మనం కొంచెం వంగితే తనూ వంగినట్టుంటుంది. రోడ్డు ఎంత దగ్గరగా పరుగెడుతుందంటే చెయ్యి చాపితే కంకర అందేట్టుంది. మూడో గేరులో ఇంజను చప్పుడు నా వెన్నులోకి ఎక్కింది. కొంగు తల మీదినుంచి జారి వెనక్కి ఎగిరింది. సర్దుకోలేదు. చాలా సంతోషంగా ఉంది. అంత సంతోషం నాలో మిగిలి ఉందని నాకే తెలియదు.

"జర ఆహిస్తా అమ్మా, జర మెల్లగ" అంటూ కంట్రాక్టరు ముందు అద్దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

కొంత దూరం పోయాక ఎదురుగా ఎడ్లబండ్ల వరస కనబడింది. ముందు బండికి మామిడాకులు కట్టి ఉన్నాయి. కంట్రాక్టరు ముఖం మారిపోయింది. "పెండ్లోళ్లమ్మా. చెట్లల్లకు తియ్యున్రి, వాళ్లు పోయినంక పోదాం."

నిజానికి చెట్లలోకి తీయాల్సిన పని లేదు. నేనట్లాగే పోతే వాళ్లకు కనబడేది ఒక ఎర్రటి బండి, దాని వెనక దుమ్ము. ఆ వేగంలో ఎవరి నుదురూ ఎవరికీ కనబడదు. ఆ సంగతి తట్టగానే మొదట హాయిగా అనిపించింది. మరుక్షణం నా మీద నాకే చిరాకేసింది. వంటింట్లో దాక్కున్నా, వేగంలో దాక్కున్నా దాక్కోవడమే కదా. కాలు తీసేశాను. బ్రేకు వేసి, రోడ్డు మీదే, ముందు బండికి ఎదురుగా ఆపాను.

ఎడ్లు బెదిరాయి. బండి తోలేవాడు పగ్గాలు లాగి పట్టాడు. ముందు కూర్చున్న ముసలామె నన్ను చూసింది. బొట్టు లేని నుదురు, ముసుగు లేని తల, అన్నీ తీరిగ్గా చూసింది. అట్లాంటి ఎదురు వస్తే ఏం చేయాలో అందరికీ తెలుసు. బండి దిగాలి, ఇంటికి మళ్లాలి, కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి, మళ్లీ బయలుదేరాలి. నేను తల దించలేదు.

ముసలామె నన్ను వదిలి పొద్దు వంక చూసింది. ఎంత ఎక్కిందో చూసుకుంది.

"జర తొవ్వియ్యి బిడ్డా, లగ్గం టైం దాటుతాంది" అంది.

అంతే. పక్కకు తీసి దారిచ్చాను. బండ్లు ఒక్కొక్కటే దాటిపోయాయి. పెళ్లికూతురు మెడ తిప్పి మరీ చూసింది, నన్ను కాదు, కారును. ముహూర్తం మించిపోతుంటే నా నుదుటి కోసం మంచినీళ్లు తాగే తీరిక ఎవరికీ లేకపోయింది. మూడేళ్లు నన్ను భయపెట్టింది ఇంత చిన్నదా అని నవ్వొచ్చింది, వెంటనే మూడేళ్లకూ కలిపి కోపమూ వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు కావాలనే రోడ్డు దిగి ఒక ఎండిన ఒర్రెలోకి, వానాకాలం పారే చిన్న వాగులోకి, పోనిచ్చాను. ఖానాపూర్ పోయే దారి నిండా అట్లాంటి ఒర్రెలే. బండ్ల చక్రాలు రెండు పక్కలా గాడి పెట్టాయి, నడుమ మట్టి గట్టు లేచి ఉంది. కారు కడుపు ఆ గట్టుకు రాసుకుని, కీచుమంది. ఎవరో నన్నే గీకినట్టనిపించింది. కొంచెం వెనక్కి తీసి మళ్లీ పోనిచ్చినా అదే చప్పుడు. దిగి, వంగి చూశాను. నేలకూ దానికీ నడుమ నా చెయ్యి పట్టేంత సందు కూడా లేదు. మొదటి వానకే ఇది ఏ బురదలోనో కూరుకుపోతుంది. మరుదులు జీపు తెచ్చి తాడు కట్టి లాగుతారు. "మేం చెప్పలేదా వదినా" అంటారు. ఆ మాట ఇప్పుడే వినబడుతున్నట్టుంది. మళ్లీ ఎక్కి కాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. కంట్రాక్టరు ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను.

అడితీకి వచ్చి, దిగి, చెప్పులు తొడుక్కున్నాను. "బండి శాన మంచిగుంది. నాకు పనికి రాదు" అన్నాను.

కంట్రాక్టరు తల పట్టుకున్నాడు. బాపు ముఖం చిన్నబోయింది. "ఆయన ముందే చెప్పిండు గద బిడ్డా" అన్నాడు మెల్లగా.

"చెప్పిండు. నేను ఒప్పుకోలే బాపు."

"ఇగ దీన్నెవలు కొంటరు?" అన్నాడు కంట్రాక్టరు. "ఎందుకు వద్దన్నరని అడిగితే నేనేం చెప్పాలె?"

"కడుపు నేలకు తాకుతాందని చెప్పున్రి. తోలి సూసినామె గా మాటే అన్నదని చెప్పున్రి. నా నొసటి సంగతి మీరెత్తకుంటే ఎవలెత్తుతరు?"

శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది ఆయన పని. ఇప్పుడు ఆ కారు అమ్ముడుపోవాలంటే, నా చేతిలో ఏ దోషమూ లేదని ఊరంతటికీ ముందు ఆయనే చెప్పాలి. మమ్మల్ని గేటు దాకా సాగనంపేలోపే మొదలుపెట్టాడు. "అయినా గివన్ని ఎన్కటి ముచ్చట్లు పటేలా. పెండ్లోళ్లే పట్టించుకోలే, మనకెందుకు?" బాపు నా వంక ఓసారి చూసి నవ్వు ఆపుకున్నాడు.

ఆ ఏడాదే ఉట్నూర్‌లో ఒక ముసలి జీపు దొరికింది. దాని మీదే ఖానాపూర్ పోయి నా భూమి నేను దున్నించుకున్నాను. దాని అందచందాల గురించి మాట్లాడకపోవడమే మంచిది.

ఆ రోజు మాత్రం బాపూ నేనూ స్టేషను దారి పట్టి పది బారలు పోయామో లేదో, వెనక కారు స్టార్టయిన చప్పుడు వినబడింది.

"అమ్మా" అని కేకేశాడు కంట్రాక్టరు. "ఇంకొక్కసారి తోలి సూస్తరా?"

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే కొనేసేదాన్ని.