గుడ్డు కూడా తినని వేటగాడు

మొన్న పిట్టలకు గింజలు కొందామని స్టోర్‌కి వెళ్తే, తుపాకుల కౌంటర్ దగ్గర మన తెలుగు కుర్రవాడొకడు వేట లైసెన్సు తీసి చూపిస్తున్నాడు. కౌంటర్‌లో ఉన్నాయన దాన్ని తిప్పి చూసి సరేనన్నట్టు తలూపాడు. నా చేతిలో సంచీ అక్కడే వదిలేసి బయటికొచ్చి కార్‌లో కూర్చున్నాను. చాలాసేపు కార్ స్టార్ట్ చేయబుద్ధి కాలేదు.

వీసా మీద వచ్చినవాడికి ఈ దేశంలో తుపాకీ అమ్మకూడదు. అది రూలు. దానికో సందు కూడా వాళ్ళే పెట్టారు: వేట లైసెన్సు ఉంటే అమ్మవచ్చు. పద్దెనిమిది నిండినవాడు పొడుగు తుపాకీ దర్జాగా ఇంటికి తెచ్చుకోవచ్చు. బడిలో నేను వెలగబెట్టింది ఎనిమిదో తరగతి. ఇంగ్లీషూ చట్టమూ మా ఊరు హెర్న్‌డన్ లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. ఈ సందు సంగతి మాత్రం మా ఇంట్లోనే తెలిసింది.

రెండువేల ఆరో, ఏడో. తమ్ముడు స్పాన్సర్ చేస్తే వచ్చి వాడింట్లోనే ఉంటూ ఇండియన్ గ్రోసరీలో బియ్యం బస్తాలు సర్దేవాణ్ణి. బేస్‌మెంట్‌లో మా మరదలి తమ్ముడు ఉండేవాడు, ఎమ్మెస్ చదవడానికి వచ్చినవాడు, మెతక మనిషి, గుడ్డు కూడా ముట్టడు. ఇంటి వెనక చెక్కల అరుగులాంటి డెక్, డెక్ దాటితే గడ్డి, గడ్డి దాటితే అడవి. ఆకులు రాలే కాలం వచ్చేసరికి అతనికొక దిగులు పట్టుకుంది. చీకటి పడే వేళకి చెట్లలో ఎవరో నిలబడి ఇంటివైపే చూస్తున్నారన్నాడు. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు గాని, ఒకరోజు జింక ఒకటి గడ్డిలోకి రాబోయి, ఆగి, తల పైకెత్తి ఒకే చెట్టుని చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోవడం నా కళ్ళతో చూశాను. ఆ వైపు పిట్టలు కూడా అరవడం మానేశాయి.

పైగా అతని కాలేజీలో మనవాణ్ణెవర్నో దారికాచి కొట్టారట. ఇక తుపాకీ కావాలన్నాడు. దానికి లైసెన్సు, లైసెన్సుకి వేట క్లాసు. మన పిల్లలు పరీక్షంటే ఎలా చదువుతారో తెలుసుగా, అడవి ముఖం చూడకుండా పుస్తకమంతా బట్టీ పట్టి, జింకని కోసి శుభ్రం చేసే పద్ధతితో సహా అప్పజెప్పి, క్లాసులో ఫస్టొచ్చాడు. మా మరదలు స్వీట్లు పంచింది. ఆ వారమే తుపాకీ కొనుక్కొచ్చాడు.

నేను ఊరుకోలేదు, ఇంట్లో పెద్ద రభస చేశాను. తమ్ముడు తనకి ఆఫీసుందని జారుకున్నాడు. కుర్రవాడు మాత్రం నవ్వుతూ, "రూల్స్ బుక్కులన్నీ మీరే చదువుతారుగా పెద్దబావగారూ, నేను చేసినదాంట్లో ఇల్లీగల్ ఏదో చూపించండి" అన్నాడు. ఆ ఆదివారమంతా లైబ్రరీలో వెతికాను. చూపించడానికేమీ దొరకలేదు. అంతా సక్రమంగానే ఉంది. లైసెన్సుందా అని అడిగిన చట్టం, నీకు ఎవరంటే భయం నాయనా అని ఒక్క ముక్క అడగదు. ఇన్నేళ్ళయినా నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అప్పట్నించి సాయంత్రమయితే డెక్ మీద కుర్చీ వేసుకుని తుపాకీతో కూర్చునేవాడు, ఉండుండి చెట్లవైపు గురిపెట్టి చూసేవాడు. ఒకరోజు పనినించి వచ్చి నేనూ పక్కన కూర్చున్నాను. బాగా చలిగా ఉంది, గాలి లేదు, ఆకు కదలడం లేదు. అతను ఊపిరి బిగబట్టి, "అదుగో" అన్నాడు. నాకు మొద్దులే కనిపించాయి. అంతలో ఒక చెట్టు, నడిమి కొమ్మ దగ్గర, తెల్లగా ఊపిరి వదిలింది.

పక్కన తుపాకీ క్లిక్కుమంది. ఏమాలోచించానో తెలియదు, గొట్టం మీద అరచెయ్యి వేసి కిందికి నొక్కేశాను. అతను లాక్కోబోయాడు, నేను వదల్లేదు. అప్పుడు చెట్టులోంచి ఒక మగగొంతు, ప్రార్థన చేస్తున్నంత మెల్లగా, ఇంగ్లీషులో పలికింది: "థాంక్యూ సర్. దాన్ని అలాగే పట్టుకోండి. నేను దిగుతున్నాను."

చెట్టు బెరడు రంగు బట్టలు, ముఖానికి మసి, వీపున విల్లు. అవతలి ఇంటాయన అనుమతితో జింకల కోసం కొమ్మ మీద పీట కట్టుకుని కూర్చునే ముసలాయన, నా వయసే ఉంటుంది. ఇదివరకు కూడా రెండుమూడుసార్లు తుపాకీ తనవైపు తిరిగిందనీ, కదిలితే జింకనుకుని కాలుస్తారేమోనని, పలికితే బెదిరి కాలుస్తారేమోనని బిగుసుకుపోయి కూర్చున్నాననీ చెప్పాడు. అలా కూర్చోబట్టే మావాడు మరింత భయపడ్డాడు. తన లైసెన్సు తీసి చూపించబోయాడు గాని, చలికి కొంకర్లు పోయిన వేళ్ళకి అది జేబులోంచి రాలేదు. కుర్రవాడు డెక్ మీద కూలబడి ఏడ్చాడు. ముసలాయనే వచ్చి వీపు నిమిరాడు.

తుపాకీ తెచ్చిన షాపుకే అయినకాడికి తిరిగి వెళ్ళిపోయింది. కుర్రవాడిప్పుడు డబ్లిన్‌లో ఇద్దరు పిల్లల తండ్రి, ఎప్పుడు ఫోన్ చేసినా ఆ సాయంత్రం ఊసెత్తడు. అడవి కొట్టేసి టౌన్‌హోమ్స్ కట్టారు, గుమ్మం గుమ్మానికీ కెమెరాలు. నేను అడవి పక్కనే పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు చీకటి పడ్డా చెట్ల మధ్య ఒంటరిగా, నిర్భయంగా తిరిగేవాణ్ణి. ఇప్పుడు చలికాలం వాకింగ్‌కి వెళ్తే రోడ్డు పక్కన నాటిన చిన్న చిన్న మొక్కల దగ్గర కూడా నా కాళ్ళు ఆగిపోతాయి. కాసేపు నిలబడి, వాటినుంచి ఊపిరి రావడం లేదని చూసుకుని, అప్పుడు ముందుకి కదులుతాను.