ఒళ్ళారబెట్టుకునే గంట

నాకో అలవాటుంది. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా చెబుతాను. స్నానం చేశాక తుండుతో తుడుచుకోవడం నాకు గిట్టదు. హాల్లో ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, దిసమొలతో కూర్చుని, ఒంటి మీద నీళ్ళు వాటంతటవే ఆరేదాకా కాఫీ తాగుతూ పేపరు చదువుకోవాలి. మా ఆవిడ ఎనిమిదిన్నరకల్లా గవర్నమెంటు ఆఫీసుకి వెళ్ళిపోతుంది. నేను ఇంట్లోంచే పని చేస్తాను, లాగిన్ అవ్వాల్సింది తొమ్మిదిన్నరకి. మధ్యలో ఉన్న ఆ గంట నాది. మిగతా రోజంతా ఎవరు తీసుకున్నా నేనేమీ అనను.

ఎవరైనా చూస్తే బాగోదండీ అని మా ఆవిడ మొదట్నుంచీ అంటూనే ఉంది. చూడ్డానికెవరున్నారని నా ధీమా. మణికొండలో మేం కిరాయికి దిగినప్పుడు మా మూడో అంతస్తు కిటికీకి ఎదురుగా ఉన్నది ఓ పెద్ద బండ, దాని మీద నాలుగు మేకలు. మేకలు అసోసియేషన్‌కి ఫిర్యాదు చెయ్యవు కదా.

ఆ బండని పగలగొట్టారు. గొయ్యి తవ్వారు, పిల్లర్లు లేపారు. మా వైపు ఇంటికీ ఇంటికీ మధ్య వదిలే జాగా ఎంతో తెలిసిందే. చూస్తుండగానే మా కిటికీకి ఆరేడు అడుగుల దూరంలో, సరిగ్గా మా ఎత్తుకే ఇంకో స్లాబు వచ్చి నిలబడింది. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారు రిటైర్డ్ ఇంజనీరు. ఎదుటివాళ్ళు హద్దు దాటి కడుతున్నారేమో తేలుద్దామని ఓ పొద్దున టేపు పట్టుకుని ఆ స్లాబెక్కారు. టేపు చాపి తలెత్తేసరికి నేను స్పోర్ట్స్ పేజీలో ఉన్నాను.

ఆ సాయంత్రం లిఫ్టు దగ్గర నన్నాపి, కుటుంబాలున్న చోటండీ, ఇంకోసారి ఇలా జరిగితే మీ ఓనరుగారితో మాట్లాడాల్సి వస్తుంది అన్నారు. నాకు తిక్క రేగింది. మీరు కొలవడానికి వెళ్ళింది గోడనా, నన్నా అని అడిగేశాను. ఆయన మూతి ముడుచుకుని మెట్ల మీదుగా వెళ్ళిపోయారు. పైగా ఆయనుండేది ఐదో అంతస్తు.

కోపంతో అన్నానే గానీ లోపల బెరుకు మొదలైంది. రెండో అంతస్తులో ఓ వకీలు గారున్నారు. ఆయన సెల్లార్‌లో స్కూటరు తుడుచుకుంటుంటే వెళ్ళి, మా ఫ్రెండ్ సంగతంటూ అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మీ ఫ్రెండు తన ఇంట్లో ఎలా కూర్చున్నా నేరం కాదన్నారు. బహిరంగ స్థలంలో నలుగురికీ ఇబ్బందయ్యేలా అసభ్యంగా ప్రవర్తిస్తేనే కేసు. గోప్యత ప్రాథమిక హక్కు కూడాను. నేను పొంగిపోతుంటే, కిటికీ బార్లా తీసి కూర్చుంటే మాత్రం ఎవరైనా పేచీ పెట్టొచ్చు, కాస్త చూసుకోమనండి అన్నారు. స్కూటరెక్కుతూ ఇంకో మాట కూడా చెప్పారు. ఆడమనిషి తన చాటున తానుండగా మగవాడు తొంగి చూస్తే అది గట్టి నేరమట. అది మనకెందుకులే అనుకుని పైకొచ్చేశాను.

కర్టెన్ వేస్తే పేపరుకి వెలుతురు చాలదు. అందుకని కిటికీకి అతికించే అద్దం కాగితం తెప్పించాను. బయట్నుంచి చూస్తే అద్దమే, లోపల్నుంచి మనకి అంతా కనబడుతుంది. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మీద బతుకుతున్నవాణ్ణి, దీన్ని ఒక్కసారి బయటికెళ్ళి చూసుకుందామన్న ఆలోచన నాకు రాలేదు.

మొదటి రోజు రాజభోగం. రెండో రోజు, ఎదుటి స్లాబు మీద ఇటుకలు మోసే ఒకామె నా కిటికీలో తన మొహం చూసుకుని ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, పాలమూరు వైపు మనిషి. చెంగుతో చెంప మీది సిమెంటు తుడుచుకుని, బొట్టు సరిచేసుకుని, తనకి తనే నచ్చినట్టు తలాడించింది. ఇవతల నేను కాఫీ కప్పుతో పుట్టినప్పటి అవతారంలో ఉన్నాను. నవ్వొచ్చింది, కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మూడో రోజు నవ్వు రాలేదు. సిమెంటు పడకుండా పనిలో ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత చొక్కా వేసుకుంటారు. ఆమె అటూ ఇటూ చూసి, చుట్టుపక్కల ఎవరూ లేరనుకుని, చీర సర్దుకోవడానికి ఆ చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దగ్గితే లోపల మగవాడున్నాడని తెలుస్తుంది. ఊరుకుంటే వకీలు గారు చెప్పిన రెండో రకం మనిషిని నేనే అవుతాను. కళ్ళు గట్టిగా మూసుకుని, నేల మీదకి జారి, నాలుగు కాళ్ళ మీద బెడ్‌రూమ్ వైపు పాకాను. కాఫీ తొడ మీద ఒలికింది. టీపాయ్ అంచు నుదుటికి కొట్టుకుంది. అరవలేదు. నా జన్మలో అంత మర్యాదగా నేనెప్పుడూ ప్రవర్తించలేదు.

మర్నాడు మబ్బు పట్టింది. ఇంక కిటికీ వైపే చూడకూడదని ఒట్టేసుకుని, అటు వీపు పెట్టి, లైటు వేసుకుని ఎప్పటిలాగే పేపరు చదువుకున్నాను. ఆ తర్వాత రెండు రోజులు ఆ స్లాబు మీదకి పిట్ట కూడా రాలేదు. సగం లేచిన గోడ అలాగే ఉండిపోయింది. ఆమెకి తెలిసిపోయి ఎవరికో చెప్పుకుని ఉంటుందని నా భయం. కాలింగ్ బెల్ మోగితే పోలీసులనే అనుకున్నాను, కొరియర్ వాడు.

భరించలేక మా ఆవిడకి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మీరు చూశారా లేదా అన్నది తర్వాతండీ. అది అద్దం కాదని ఆమెకి తెలియాలి కదా. వెళ్ళి చెప్పండి," అంది.

మర్నాడు ప్యాంటూ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని, పై గుండీ దాకా పెట్టుకుని, కిటికీ తీసి పిలిచాను. ఆమె అవతలి మూల నుంచి తట్టతో వచ్చింది. తల వంచుకుని చెప్పాను. అమ్మా, ఇది ఉత్త అద్దం కాదు, లోపలున్నవాళ్ళకి బయటదంతా కనబడుతుంది, ఆ రోజు నువ్వు చొక్కా విప్పబోయినప్పుడు నేనిక్కడే ఉన్నాను.

ఆమె చెయ్యి చొక్కా కాలరు మీదకి పోయింది.

"చూసిన్రా సారూ?"

లేదమ్మా, కళ్ళు మూసుకుని పాక్కుంటూ పోయానని నుదుటి మీది బొప్పి చూపించాను. ఆమె ఆ బొప్పినీ, నా మొహాన్నీ మార్చి మార్చి చూసింది. కాలరు వదిలి తట్ట కింద పెట్టింది.

"మొన్న మబ్బు పట్టిన దినం మీరు లైటేసుకున్నరు సారూ. గప్పుడు అద్దం పోయి మీరే అగుపడ్డరు. అందరం చూసినం. మా మేస్త్రీ అన్నడు, సారు ఆయన ఇంట్ల ఆయన ఉన్నడు, మనం గటు దిక్కు పోదాం అని. రెండు దినాల సంది వెనక గోడ కడుతున్నం."

హక్కు కోసం సెక్రటరీతో పోట్లాడాను, వకీలుని పట్టుకున్నాను, కిటికీకి కాగితం అతికించాను. వీళ్ళు నన్నొక్క మాట అడక్కుండా ఈ గోడ పని ఆపుకుని అవతలికి వెళ్ళిపోయారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇగ గీ గోడ లేపాలె సారూ. మీకు ఏ టైమైతే ఫికర్ లేదో చెప్తే గప్పుడే వస్తం," అంది.

ఎప్పుడైనా రండమ్మా అన్నాను. ఆమె వెనక్కి తిరిగి అవతలి వాళ్ళకి కేకేసింది.

"రాండ్రి, సారు బట్టలేసుకున్నడు."