ఖాదర్ సారు ఆఖరుసారి అడిగిన ఇల్లు

ఖాదర్ సారుకు సన్మానమని కబురు రాగానే వరంగల్ బయలుదేరాను. చిన్న జాగాల్లో చిన్న ఇళ్లకు ప్లాన్లు గీస్తూ ముసలివాడైన ఆర్కిటెక్టు ఆయన. నా మొదటి కొలువు ఆయన దగ్గరే. సభలో నన్నూ మాట్లాడమన్నారు. ముందుగా ఆయన కట్టించిన ఇల్లొకటి మళ్లీ చూద్దామని సికింద్రాబాద్‌లో పొద్దుటి రైలెక్కి, పది దాటాక వరంగల్‌లో దిగాను. ఊళ్లోనే ఉన్న కాశిబుగ్గకు ఆటోవాలా ఎనభై రూపాయలు అడిగాడు.

ఆ ఇల్లు నేతపని చేసే లలితక్కది. మగ్గం మీద నీడ పడకుండా ఉత్తరాన పెద్ద కిటికీ పెట్టించారు సారు. ఇప్పుడా కిటికీకి అడ్డంగా పక్కవాళ్ల మూడంతస్తుల గోడ ఉంది. మగ్గం లేదు. పక్షవాతం వచ్చిన ఆమె భర్త ఆ గదిలోనే మంచం మీదున్నాడు. పట్టపగలే లైటు వెలుగుతోంది.

"మగ్గం అమ్మేసినం తమ్మీ, నాకొక్కదానితోని అయితలేదు. కరెంటు పోతే గుడ్డి చీకటి. ఆయన జడుసుకుంటాండు," అంది.

మధ్యాహ్నం హాలుకు వెళ్తే సారు రాలేదు. ఆయాసంతో దవాఖానలో చేరారట. సభ ఆపలేదు, ఖాళీ కుర్చీకి శాలువా కప్పారు. నేను రెండు మాటలు చెప్పి దవాఖానకు వెళ్లిపోయాను.

సారు ఆక్సిజన్ మాస్కు పక్కకు జరుపుకున్నారు. సభ ఊసెత్తలేదు. పొద్దున ఆయన ఇల్లొకటి చూశానంటే, ఏ ఇల్లు చూసొచ్చినవని అడిగారు. చెప్పాను.

"వెలుతురు వస్తాందా?"

పక్కనే ఉన్న ఆయన కూతురు షాహీన్ చెప్పొద్దన్నట్టు తల ఊపింది. ఇంటి విషయంలో ఆయనకు అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"లేదు సార్. పక్కన గోడ లేచింది." గదిలో రోగి సంగతీ చెప్పాను.

సారు పైకప్పు వైపు చూశారు. "పక్క జాగ ఖాళీగనే ఉంటదనుకున్న. వెలుతురు పైనుంచి తీస్కో బిడ్డా. జర స్లాబు కోసి అద్దం పెట్టు. మంచం మీదికి రావద్దు, ఎండ ఆయన కండ్లల్ల కొడ్తది."

మర్నాడు పొద్దున సారు పోయారు. ఖబ్రస్తాన్‌లో మట్టి వేసి, ఆ మరుసటి రోజు మేస్త్రీని వెంటబెట్టుకుని కాశిబుగ్గ వెళ్లాను. అతను స్లాబు మీద సుత్తితో తట్టి చూశాడు.

"ఇనుము తుప్పు వట్టింది సార్. కోస్తే మొత్తం కిందికొస్తది."

సారు ఆఖరున అన్న మాటలు లలితక్కకు చెప్పాను. ఆమె ఏడవలేదు. "పాణం మీదికొచ్చినా మా అర్ర గురించే అడిగిండా?" అని, ఆ గదిలోకి వెళ్లి భర్త పక్కన కూర్చుంది.

సారు గొప్పతనం చెప్పాలని వెళ్లినవాణ్ణి, తిరుగు రైల్లో ఆ గది గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆయనకు నిజం చెప్పి మంచి చేశానో, ఆ బాధతోనే పంపించానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. సారు కట్టించిన ఇళ్లు చూడాలనుకునేవాళ్లకు ఒక్క మాట: వెలుతురు చూడాలంటే పొద్దున పూట వెళ్లండి, గడప బయటే నిలబడి అడగండి. లోపల ఎవరో జబ్బుతో పడుకుని ఉండొచ్చు.