మెనూ అడుగున ఆపా రాసిన జాగ్రత్తలు

అమీర్‌పేటలో రెండు నెలలు పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, ఆ ధైర్యంతో పంజాగుట్టలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. మందుల షాపులవాళ్లు వాడే ప్రోగ్రాం మాది. దాన్ని ఎలా వాడాలో చెప్పే హెల్ప్ పేజీలు నాలుగు వందల దాకా ఉండేవి. అన్నిటికీ ఎడమవైపు ఒకటే మెనూ. ఒకటే అంటే ఒకచోట ఉండేదని కాదు, ప్రతి పేజీలోనూ విడిగా అతికించి ఉండేది. కొత్త పేజీ చేరినప్పుడల్లా దాని పేరు నాలుగు వందల మెనూల్లోనూ చేర్చాలి.

ఆ పని మాసబ్ ట్యాంక్ నుంచి వచ్చే ఒకావిడది. ఉర్దూలో అక్క అన్నట్టు అందరం ఆపా అనేవాళ్లం. ఒక్కో ఫైలూ తెరిచి, చేర్చి, మూసేవారు. మూడు రోజులు పట్టేది.

నేను ముప్పై లైన్ల స్క్రిప్టు రాశాను. పాత మెనూ మొత్తం తీసేసి కొత్తది పెడుతుంది. టీ చల్లారేలోపు నాలుగు వందల పేజీలూ మారిపోయాయి. మేనేజరు గారు వచ్చి భుజం తట్టారు.

"మొత్తం తీసేసినవా తమ్మీ? జర చూసి తీసినవా?" అన్నారు ఆపా.

అసూయ అనుకున్నాను. "అన్నిట్లోనూ ఒకటేగా ఆపా, చూసేదేముంది?" అన్నాను.

పది రోజులకు లక్డీకాపూల్ నుంచి ఒక షాపాయన ఫోన్ చేశాడు. పేజీలో చెప్పినట్టే ప్రోగ్రాంలో పాత స్టాకు లెక్క తొలగిస్తే కొత్తది కూడా పోయిందట. "ముందుగాల బ్యాకప్ తీస్కోమని పక్కకు రాసి ఉండె కద భాయ్, అదెటు పోయింది?" అన్నాడు.

ఆ పేజీ పాత కాపీ తెరిచాను. మెనూ అడుగున చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది. అసలు పేజీలో అక్షరం మార్చాలంటే అప్రూవల్ కావాలి, అది నెలలకు గాని రాదు. మెనూకి అప్రూవల్ అక్కర్లేదు. పేజీ తెరిచిన ప్రతిసారీ చదివి, ప్రమాదం కనిపించిన చోట ఆపా అక్కడే రాసిపెట్టారు.

మేనేజరు గారు ఆవిడను పిలిచారు. "ఎవరు రాయమన్నారండీ మిమ్మల్ని? మెనూలో ఇవేంటి?"

"రాసినన్ని దినాలు ఎవ్వరి స్టాకు పోలే సార్," అన్నారు ఆపా.

తీసేసిన నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. రాయడమే తప్పని తేలింది కాబట్టి చెరపడం తప్పు కాకుండా పోయింది. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు ఇంకో స్క్రిప్టు రాశాను. పాత మెనూల్లో తేడాగా ఉన్నవన్నీ ఏరింది. యాభై మూడు వచ్చాయి. ఆపా పక్కన కూర్చుని ఏది ఎందుకు రాశారో చెప్పారు. అన్నీ కలిపి 'జాగ్రత్తలు' అనే ఒక పేజీ చేసి, దాని పేరు మెనూ మొదట్లో పెట్టాను, నాలుగు వందల చోట్లా.

సాయంత్రానికి మేనేజరు గారి మెయిల్ వచ్చింది. నా కొత్త ఆలోచనకు అభినందనలు. ఈసారి ఆయన గదికి వెళ్లాను. "అవి ఆపా రాసినవి సార్. నేను ముందు చెరిపేసి, ఇప్పుడు ఏరుకొచ్చానంతే," అన్నాను.

ఆయన సొరుగులోంచి ఒక ఫారం తీశారు. "అయితే ఆవిడ చేత అప్రూవల్ ఫారం నింపించండి," అన్నారు.

యాభై మూడు ఫారాలు. ఆపా చెబుతుంటే నేను నింపాను.