నాలుగు సున్నాలు

తార్నాకలో మెట్రో స్తంభాల నీడన ఒక ఇరుకు దుకాణం ఉంది. బోర్డు మీద టీవీ రిపేర్లని రాసి ఉంటుంది గానీ, ఇప్పుడక్కడికి వచ్చేవి మిక్సీలు, కూరగాయల తూకం మిషన్లు, చర్చి ఆంప్లిఫయర్లు. దుకాణం దానియేలుది. అరవై నాలుగేళ్ల మనిషి. యూనివర్సిటీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో దాదాపు ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. అతని చేతికి లొంగని వస్తువు లేదని ఆ చుట్టుపక్కల పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. ఎవరైనా మెచ్చుకుంటే తల దించుకుని "ఏమున్నది తియ్" అంటాడు గానీ, ఇంకో మాట అంటారేమోనని చెవులు మాత్రం అక్కడే ఉంచుతాడు.

మే నెల సెలవుల్లో అతనికి మనీషా ఫోన్ చేసింది. మనీషా బిక్షపతి కూతురు. దానియేలూ బిక్షపతీ ఒకే ఏడాది ఆ ల్యాబులో చేరి, పక్కపక్క స్టూళ్ల మీదే తలలు నెరిపించుకున్నారు. బిక్షపతి పోయి ఐదేళ్లయింది. మనీషా ఇప్పుడు అదే డిపార్టుమెంటులో పాఠాలు చెబుతోంది.

"కాకా, స్టాఫ్ రూముల మన పిన్‌బాల్ మిషన్ ఉన్నది కద, శనివారం పాత స్టాఫందరు వస్తున్నరని దాన్ని సాఫ్ చేయించినం. అన్నీ మంచిగనే నడుస్తున్నయి గాని స్కోరు డిస్‌ప్లేలు సతాయిస్తున్నయి. ఒక్కసారి వచ్చి చూస్తవా?"

ఆ మిషను జోలికి పోవడం దానియేలుకు ఇష్టం లేదు. అయినా "వస్తా బిడ్డా" అన్నాడు.

ఆ మిషను ఎప్పుడో మూతపడిన ఒక క్లబ్బు నుంచి వచ్చింది. ఏటవాలు బల్ల, పైన అద్దం, లోపల ఇనుప గుండు. కిందికి జారే గుండును రెండు చిన్న రెక్కలతో కొట్టి పైకి తరమాలి. అది తగిలిన చోటల్లా పాయింట్లు. ఆటకు మూడు గుండ్లు. ఎదురుగా నిలువు పెట్టెలో నలుగురు ఆటగాళ్లకు నాలుగు గాజు డిస్‌ప్లేలు, ఒక్కోదానిలో ఆరు నారింజరంగు అంకెలు. ఎవరూ ఆడనప్పుడు అప్పటిదాకా ఎవరూ దాటని స్కోరును ఆ నాలుగూ ఒకేసారి చూపిస్తుంటాయి. ఎవరైనా దాన్ని దాటితే పెట్టెలో ఉన్న చిన్న సుత్తి చెక్క మీద మూడు దెబ్బలు కొడుతుంది.

మధ్యాహ్నం రెండింటికి దానియేలు క్యాంపస్‌కు చేరాడు. వరండాలో ఎండ తప్ప మనిషి లేడు. స్టాఫ్ రూములో ఫ్యాను తిరుగుతోంది గానీ ఆ గాలి ఎవరికీ తగులుతున్నట్టు లేదు. మిషను మీద ఒక అట్ట నిలబెట్టి ఉంది. "అత్యధిక స్కోరు 8,40,000. శ్రీ దానియేలు" అని గుండ్రటి అక్షరాలు.

"నేనే రాసిన. బాపు పోయేదాక గదే చెప్పిండు, దానియేలు లెక్క ఎవ్వడు కొట్టలేదని" అంది వెనకే వచ్చిన మనీషా.

దొంగకు తేలు కుట్టినట్టయింది దానియేలుకు. ఆ స్కోరు అతను కొట్టింది కాదు. ఆటలో బిక్షపతి ముందు అతనెప్పుడూ పిల్లవాడే. రోజూ ఓడి ఓడి ఉక్రోషమెక్కి, తొంభై ఏడులో ఒకనాడు ఎవరూ లేనప్పుడు మిషను ముందు తలుపు తీసి, లోపలి సర్వీసు బటను నొక్కి నొక్కి, ఆ అంకెను చేత్తో పెట్టాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. మర్నాడు బిక్షపతి ఆ అంకె చూసి, "ఎట్ల కొట్టినవ్ రా?" అన్నాడు. దానియేలు ఒక కథ చెప్పాడు. బిక్షపతి ఆ ప్రశ్నను అక్కడితో వదల్లేదు. ఇరవై ఏళ్లు, వారానికి ఒకసారైనా, అన్నం డబ్బా మూస్తూ అదే అడిగేవాడు. దానియేలు ప్రతిసారీ ఆ కథకు కొత్త తోక తగిలించేవాడు.

మనీషా మజ్జిగ తెస్తానని వెళ్లింది. దానియేలు మిషను ఆన్ చేశాడు. నాలుగు డిస్‌ప్లేలూ వెలిగాయి. ముందుండాల్సిన ఎనిమిదీ, నాలుగూ లేవు. వాటి చోట చీకటి. వెనక నాలుగు సున్నాలు మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి.

పరీక్ష బటను నొక్కితే ఆరు గళ్లలోనూ సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్క గీత తప్పకుండా వచ్చాయి. ఆట మొదలుపెడితే అంకెలన్నీ శుభ్రంగా లెక్కపెట్టాయి. ఆట అయిపోగానే మళ్లీ నాలుగు సున్నాలు.

దానియేలుకు ఒక పద్ధతి ఉంది. అనుమానం వచ్చినదాన్ని ఊడదీసి మంచిదాని చోట పెడతాడు, మంచిదాన్ని దాని చోట పెడతాడు. తప్పు గాజుదైతే గాజుతోనే పోతుంది. తీగదైతే అక్కడే ఉంటుంది. అతని జీవితంలో ఆ పద్ధతి తప్పింది లేదు. మిషను ఆపి, సుత్తి చేతికి అడ్డమొస్తోందని దాన్ని కదిలించే కాయిల్‌ను తీగతో సహా పీకి బల్ల మీద పెట్టాడు. నాలుగింటికీ ఒకే జబ్బయినా, మొదటి డిస్‌ప్లేను నాలుగోదాని చోటికి, నాలుగోదాన్ని మొదటిదాని చోటికి మార్చాడు. అవే సున్నాలు. తీగల అతుకులకు టంకం మళ్లీ వేశాడు. అవే సున్నాలు. ఆ తప్పు గాజుతో పోలేదు, తీగ దగ్గర ఆగలేదు. ఆ ఒక్క అంకెనే పట్టుకుని ఉంది.

చెమట తుడుచుకుని బ్యాటరీలు చూశాడు. కరెంటు లేనప్పుడు స్కోరును గుర్తుపెట్టుకునేవి అవే. మూడూ కారిపోయి తెల్లగా పూసి ఉన్నాయి. మీటరు పెడితే సున్నా. అంటే ఆ స్కోరు ఎప్పుడో పోయి ఉండాలి. మరి ఈ సున్నాలు ఎక్కడివి?

అప్పుడు కనిపించింది, పెట్టె లోపలి చెక్క మీద పెన్సిల్ రాత. మిషను పనులు చూసేది ఎప్పుడూ బిక్షపతే. భయం కొద్దీ దానియేలు ఆ పెట్టె దరిదాపులకు వచ్చేవాడు కాదు. ఏ పని చేసినా తేదీ వేసి అక్కడే రాసుకోవడం బిక్షపతి అలవాటు. అన్నిటికన్నా పైన ఇలా ఉంది: "12-8-97. హై స్కోరు 840000. నిజం ఆటల చివర నాలుగు సున్నాలు రావు. చేత్తో పెట్టింది. దానియేలు. ఉండనీ."

దాని కింద ఏడాదికొకటి చొప్పున ఒకే మాట. "బ్యాటరీలు మార్చిన. స్కోరు పోకుండ కరెంటు ఆపకుండనే మార్చిన."

మనీషా రెండు గ్లాసులతో వచ్చేసరికి దానియేలు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. శనివారం పాత స్టాఫందరూ వస్తారు. ఆ అట్ట చదువుతారు. తన పేరు నిలబడుతుంది. నోరు మూసుకుంటే చాలు.

"బిడ్డా, గా స్కోరు నేను కొట్టలే. మీ బాపుకు అబద్ధం చెప్పిన. ఇరవై ఏండ్లు చెప్పిన" అన్నాడు.

ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టి, వంగి పెన్సిల్ రాతంతా చదివింది.

"అన్నం తినేటప్పుడు బాపు నవ్వుతుండె కాకా" అంది. "ఇయ్యాల గుండు ఎడమదిక్కు నుంచి వచ్చిందట, పోయిన వారం కుడిదిక్కన్నడు అని. ఇంకెందుకు అడుగుతవ్ బాపూ అంటే, ఎప్పుడన్న ఒకసారి సరిగ్గ చెప్తడేమో అనెటోడు. గప్పుడు నాకు సమజ్ కాలే."

దానియేలు ఏడ్చాడు. పరువు పోయిందని కాదు. అడిగినప్పుడల్లా నిజం చెప్పుకునే దారి చూపిన మనిషిని అన్నేళ్లు గుమ్మం బయటే ఉంచాడు. ఆ మనిషి ఇక అడగడు.

లేచి, ముందు తలుపు తీసి, అదే సర్వీసు బటనుతో ఆ అంకెను చెరిపేశాడు. నాలుగు డిస్‌ప్లేలూ ఖాళీ అయ్యాయి.

"ఒక్క ఆట ఆడు కాకా" అంది మనీషా.

ఆడాడు. మూడు గుండ్లూ తొందరగానే జారిపోయాయి. 41,230. ఈ మాత్రం స్కోరు బిక్షపతి ఎడమచేత్తో కొట్టేవాడు. ఒక క్షణం ఆగి నాలుగు డిస్‌ప్లేలూ ఒకేసారి వెలిగాయి. ఐదు అంకెలూ ఉన్నాయి, ఒక్క గీత తగ్గలేదు.

పెట్టెలోంచి మూడు దెబ్బలు వినిపించాయి. చెక్క మీద, గట్టిగా, తీరిగ్గా.

మనీషా బల్ల వైపు చూసింది. దానియేలూ చూశాడు. సుత్తి కాయిల్ మజ్జిగ గ్లాసుల పక్కనే ఉంది, తీగ చుట్టి.

ఆమె పెన్ను తీసి అట్ట మీద 8,40,000 కొట్టేసి 41,230 అని రాసింది. అతను పెన్సిల్ తీసుకుని బిక్షపతి చివరి మాట కింద ఆ రోజు తేదీ వేసి, "చెప్పిన" అని రాసి, పెట్టె మూశాడు. సుత్తి కాయిల్ మాత్రం మళ్లీ బిగించలేదు. శనివారం మనీషా అడిగితే, దానితో పనిలేదు బిడ్డా అన్నాడు.